తువ్వాలు కింద బేరం

మా ముత్తాతగారు మునసబు. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే తహసీల్దారు కూడా వీధి మలుపులోనే గుర్రం దిగి నడిచి వచ్చేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, ఉద్యోగం జోలికి పోలేదు. ఒంగోలు గిత్తలను పెంచారు. మా వైపు బండలాగుడు పందెం ఎక్కడ జరిగినా ఆయన జత బరిలో ఉండేది, లేకపోతే ఆయనే న్యాయనిర్ణేతగా కుర్చీలో ఉండేవారు. రెండూ ఒకే పందెంలో ఎన్నడూ చేయలేదు. పాలు మరవని దూడను చూసి ఇది కాడికి వస్తుంది, ఇది రాదు అని చెప్పేవారు. ఆయన మాట ఎప్పుడూ తప్పలేదని నేను అనను. ఆయన చెప్పాక ఎదురు చెప్పినవాడు లేడని మాత్రం అంటాను.

మా నాన్నగారికి ఆ కన్ను రాలేదు. నాకు వచ్చింది, కానీ నా కాలానికి గిత్తలు మిగల్లేదు. అందుకని నేను పిల్లలను చూస్తాను.

బహ్రెయిన్‌కు నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా వచ్చాను. కొన్నేళ్లు ఒక ఇండియన్ స్కూల్లో విజిల్ వేశాను. తరువాత ఇక్కడి ప్రైవేటు కాలేజీ ఒకటి తన ఫుట్‌బాల్ జట్టు కోసం నన్ను తీసుకుంది. ఏటా కొంతమంది ఆటగాళ్లకు ఆ కాలేజీ ఉచితంగా సీటు ఇస్తుంది. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లల ఆట చూసి, ఆ సీటు ఎవరికి ఇవ్వవచ్చో కోచ్‌కు చెప్పడం నా పని. కోచ్ ఈజిప్టు మనిషి. నన్ను ఉస్తాద్ అంటాడు. నేను వద్దన్నవాడిని ఆయన తీసుకోడు. కావాలన్నవాడిని మాత్రం తన కళ్లతో మరోసారి చూసి తీసుకుంటాడు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

చూడటం గురించి కొంత చెప్పాలి. తల్లిదండ్రులు ఉన్న వైపు నేను నిలబడను. వాళ్లకు ఎదురుగా, ఎండ కొట్టే వైపు నిలబడతాను. అక్కడ ఎవరూ ఉండరు. బంతి వెంట చూడను. బంతి పోగొట్టుకున్న కుర్రవాడు ఆ తరువాత ఏం చేస్తాడో చూస్తాను. వెనక్కి పరుగెత్తుతాడా, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిపోతాడా? బంతి కాలికి అందకముందే తల తిప్పి భుజం మీదుగా వెనక ఎవరున్నారో చూసుకుంటాడా? రెండో సగంలో, ఉక్కలో, చొక్కా ఒంటికి అతుక్కుపోయాక అడుగు ఎలా పడుతోంది? పదహారేళ్లకే మీసం వచ్చి అందరికంటే ఎత్తుగా ఉన్నవాడిని చూస్తే నాకు అనుమానం. వాడు ఇవాళ గెలుస్తున్నది ఎముకతో. రెండేళ్లలో మిగతావాళ్లు కూడా ఎదుగుతారు. అప్పుడు వాడి దగ్గర ఏం మిగులుతుంది? అందుకే తండ్రిని, వీలైతే మేనమామను కూడా చూస్తాను. కొందరు తండ్రులు ఫోన్‌కు వీడియోలు పంపుతారు. వాటిలో అన్నీ గోల్సే ఉంటాయి. నేను తెరవను. మా తాతగారు గిత్త బండ లాగుతున్నప్పటికంటే, కాడి దించాక అది ఎలా నిలబడిందో ఎక్కువ చూసేవారు.

ఇక అసలు సంగతి.

దాయాదులతో వ్యాజ్యాలు సాగి సాగి, తాతగారి చివరి రోజుల్లో కొట్టంలో ఒకే ఒక జత మిగిలింది. దాన్ని కొనడానికి ఊళ్లోని పశువుల బేరగాడు వచ్చాడు. అంతకుముందు మా ఇంటి మెట్ల కింద నిలబడి మాట్లాడినవాడు. ఆ రోజు కొట్టంలోకి నేరుగా వెళ్లాడు. ఊరంతా చూస్తుండగా గిత్త నోరు తెరిచి పళ్లు చూశాడు. డెక్క ఎత్తి చూశాడు. సుడి మంచిది కాదన్నాడు, మెడలో పట్టు పోయిందన్నాడు, రైతు మెతకైతే గిత్త కూడా మెతకవుతుందన్నాడు. ఆ చివరి మాటకు జనం నవ్వారు. తాతగారు కుర్చీలోంచి లేవలేదు. చెప్పిన ధరకే ఇచ్చేశారు. మరుసటి ఏడు అదే జత ఆ బేరగాడి పేరు మీద పందెం గెలిచింది. వాడు డప్పులతో మా వీధిలోంచే ఊరేగించాడు. నేను చిన్నవాడిని. అరుగు మీద నిలబడి చివరిదాకా చూశాను. లోపలికి రమ్మని అమ్మ పిలిచినా వెళ్లలేదు. అప్పటి నుంచి ఆ ముఖాన్ని నేను మరిచిపోలేదు.

ఆ బేరగాడి కొడుకు ఇప్పుడు బహ్రెయిన్‌లో ఉన్నాడు. కూలీలను తెప్పించి కంపెనీలకు సరఫరా చేస్తాడు. మామీర్ దగ్గర అతనికి ఒక క్యాంపు ఉంది. తండ్రి ముఖమే. అదే పలచటి పెదవులు, అదే ఓరచూపు. ఊరి వరసను బట్టి నన్ను బావా అంటాడు. నేను అతన్ని మీరు అంటాను. దూరంగా ఉంచడానికి అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

మనామాలో ఒక హాల్లో తెలుగువాళ్ల దసరా సభ జరిగింది. భోజనాల దగ్గర అతను నా భుజం మీద చెయ్యి వేసి, పక్కన ఉన్నవాళ్లందరికీ నన్ను పరిచయం చేశాడు.

"ఈయన మా ఊరి దొరగారి మనవడు. వీళ్ల ఆఖరి ఎడ్లు మా నాయనే కొన్నాడు. మంచి ఎడ్లు పాపం, మేత లేక చిక్కినయ్ గానీ."

వడ్డించేవాళ్లతో సహా అందరూ నవ్వారు. నేను అతని చెయ్యి తీసి పక్కన పెట్టి, భోజనం పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని వచ్చాను. మధ్యలో లేచిపోవడం మా ఇంట్లో అలవాటు లేదు.

అతని కొడుకు పన్నెండో తరగతి. ఫుట్‌బాల్ ఆడతాడు. నేను ఏం పని చేస్తున్నానో ఆ సభలోనే అతనికి ఎవరో చెప్పారు. ఆ వారంలోనే ఫోను వచ్చింది. కొడుకు ఆట చూడమన్నాడు. చూస్తానన్నాను. అది నా పని. ఎవరి కొడుకైనా చూస్తాను.

మూడు మ్యాచ్‌లు చూశాను. అందరినీ ఎలా చూస్తానో అలాగే, ఎండ వైపు నిలబడి. ఒక మాట ఇక్కడ స్పష్టంగా చెబుతున్నాను. ఆ కుర్రవాడి గురించి నేను కోచ్‌కు చెప్పినదాంట్లో వెంట్రుకవాసి కూడా పగ లేదు. పొడుగరి. మొదటి పది అడుగులు గట్టిగా పరుగెత్తుతాడు. అయితే ఎదుగుదల అయిపోయింది. తండ్రి అంత ఎత్తు ఇప్పటికే వచ్చేశాడు. ఎడమ కాలు ఉందన్న సంగతే తెలియదు. బంతి వచ్చేదాకా బంతినే చూస్తాడు, వెనక ఎవడున్నాడో చూసుకోడు. పోగొట్టుకున్న ప్రతిసారీ తండ్రి నిలబడ్డ వైపు చూస్తాడు. మా జట్టుకు ఈ ఏడాది సరిపోడని చెప్పాను. కోచ్ కూడా ఒకసారి చూసి, అదే అనుకున్నానన్నాడు.

అయితే వాడు పనికిరానివాడేమీ కాదు. మా కంటే చిన్న కాలేజీ ఒకటి వాడికి అప్పటికే సీటు ఇస్తానంది. ఫీజు ఉండదు, జట్టులో చోటు ఖాయం. మార్చి నెలాఖరులోగా ఒప్పుకుంటే చాలు. వాడికి తగిన చోటు అదే. నన్నడిగితే, ఎవరి కొడుకైనా సరే, వెంటనే ఒప్పుకోమనేవాడిని.

ఆ సంగతి మాట్లాడటానికే అతను బుసైతీన్‌లోని గ్రౌండుకు వచ్చాడు. మ్యాచ్ అయిపోయి పిల్లలు బస్సెక్కుతున్నారు. తెల్లటి పెద్ద కారులో ఏసీ వేసి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. కరక్ చాయ్ రెండు కప్పులు తెప్పించాడు. కొడుకు వెనక సీట్లో బూట్లు విప్పుకుంటున్నాడు.

"చెప్పు బావా. మావోడు ఎట్టా ఉన్నాడు?"

కోచ్‌కు చెప్పినదే చెప్పాను. ఎడమ కాలు లేదన్నాను. తల తిప్పడన్నాను. ఎదుగుదల ఆగిపోయిందన్నాను. అతని ముఖం చిన్నబోతుందనుకున్నాను. అలా జరగలేదు. ఒక్కో లోపం చెబుతుంటే అతని ముఖం వికసిస్తూ వచ్చింది. చాయ్ కప్పు పక్కన పెట్టి నా వైపు పూర్తిగా తిరిగాడు.

"ఇంకా?"

ఉక్కలో త్వరగా అలసిపోతాడన్నాను.

"ఇంకేం కనబడింది బావా నీకు? చెప్పు, చెప్పు."

నాకు అప్పుడు అర్థమైంది. మా వైపు సంతలో గిత్త కావలసినవాడు దాన్ని మెచ్చుకోడు. వంకలు పెడతాడు. ఎంతగా కావాలో అంతగా వంకలు పెడతాడు. వద్దనుకున్నవాడే "మంచి గిత్త, కలకాలం ఉండాలి" అని మూపురం మీద ఒకసారి తట్టి ముందుకు నడుస్తాడు. అమ్మేవాడికి అది చాలు. పగ్గం సర్దుకుని ఇంకొకడి కోసం చూస్తాడు. ఈ మనిషి ఆ సంతలో పుట్టి పెరిగినవాడు. తండ్రి పంచె పట్టుకుని ప్రతి వారం తిరిగినవాడు. నేను కొడుకుకు వంకలు పెట్టే కొద్దీ, నాకు వాడు కావాలని అతను నమ్ముతున్నాడు.

ఆ మాట నేను అనుకునేలోపే అతను వెనక్కి చెయ్యి చాపి, కొడుకు మెడ మీది తువ్వాలు లాక్కున్నాడు. చెమటతో తడిసి ఉంది. దాన్ని తన కుడిచేతి మీద కప్పుకుని నా ముందుకు చాపాడు. సంతలో బేరాలు అలాగే జరుగుతాయి. గుడ్డ కింద ఇద్దరూ చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు.

"పట్టు బావా. ఇక్కడెవురూ చూడట్లా. వాడికి తొమ్మిదో నంబరు చొక్కా కావాల. హాస్టల్లో ఏసీ గది. అది నీ చేతిలోదే గదా."

నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. ఒక్క మాట చెప్పాను. అది తెలుగు తెలిసిన ఎవరికైనా అర్థమయ్యే మాట.

"మీవాడు నాకు వద్దు. మా జట్టుకు సరిపోడు."

అతను సీటు మీద వెనక్కి వాలి నవ్వాడు.

"మీ తాత ముందు మా నాయన కూడా ఇదే అన్నాడు. వద్దు వద్దంటానే తోలుకపోయాడు."

నేను తలుపు తీసుకుని దిగాను. ఎండలో నా బండి దాకా నడిచాను. అతన్ని సరిదిద్దడానికి నాకు ఒక్క వాక్యం చాలు. వెనక్కి తిరిగి, మీవాడు బంగారం, ఆ చిన్న కాలేజీ వాళ్లు అదృష్టవంతులు అని ఉంటే, అతనికి క్షణంలో తెలిసిపోయేది. ఆ వాక్యాన్ని నేను నోట్లోనే ఉంచుకున్నాను. అతని తండ్రి మా కొట్టంలో అబద్ధం చెప్పి గెలిచాడు. నేను నిజం చెప్పాను. ఆ నిజాన్ని నమ్మకపోవడం వాళ్ల ఇంటి విద్య.

తరువాతి రోజుల్లో అతను మనామాలో నలుగురికీ చెప్పుకున్నాడు. పెద్ద కాలేజీ వాళ్లు కొడుకు వెంట పడుతున్నారని, దొరగారి మనవడు బేరం ఆడుతున్నాడని, తాను దిగిరానని. నా చెవిన పడింది. కాదని ఎవరితోనూ అనలేదు. అతను ఫోను చేసినప్పుడల్లా కొడుకు ఆటలో కొత్త లోపం ఒకటి చెప్పాను. అన్నీ ఉన్నవే. అతను సంతోషంగా విని, చివర యల్లా బావా అని పెట్టేసేవాడు.

మార్చి నెలాఖరుకు కొన్ని రోజుల ముందు కుర్రవాడు ఒక్కడే గ్రౌండులో నా దగ్గరికి వచ్చాడు. ఈ దేశంలో పుట్టి పెరిగినవాడు. వాడి తెలుగు ఇంట్లో అన్నం దగ్గర నేర్చుకున్న తెలుగు. సంత చూసి ఎరగడు.

"అంకుల్, మీరు నా గురించి అన్నీ బ్యాడ్ చెప్పారు. డాడీ అది గుడ్ అంటున్నాడు. నాకు అర్థం కావట్లేదు."

నేను చెప్పింది చెప్పినట్టే తీసుకోమన్నాను.

"మరి ఆ కాలేజీకి ఓకే చెప్పాలా? డాడీ వద్దంటున్నాడు. ఫ్రైడే లాస్ట్."

వాడు నా కళ్లలోకి సూటిగా చూస్తున్నాడు. నేను పనిచేసిన స్కూల్లో పిల్లలు అలా చూడటం తక్కువ. అవునని చెప్పడానికి నాకు నోరు ఉంది. "అది మీ ఇంట్లో తేల్చుకోవాలి" అన్నాను. వాడు తల ఊపి, థాంక్యూ అంకుల్ అని వెళ్లిపోయాడు.

ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. ఆ బేరగాడికి మాత్రం మా గిత్తల మీద కోపం ఉందా?

ఆ శుక్రవారం వెళ్లిపోయింది. చిన్న కాలేజీ వాళ్లు ఆ సీటును ఒక సూడానీ కుర్రవాడికి ఇచ్చారు. మంచి ఎంపిక. రెండు కాళ్లూ ఉన్నవాడు.

తరువాత జరిగిన స్కూలు మ్యాచ్‌లో బేరగాడి మనవడిని మళ్లీ చూశాను. బంతి వచ్చేముందు తల తిప్పి భుజం మీదుగా చూసుకున్నాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఎడమ కాలితో రెండు పాసులు ఇచ్చాడు, రెండూ వంకరగా పోయాయి. బంతి పోగొట్టుకున్నాక తండ్రి వైపు చూడలేదు, వెనక్కి పరుగెత్తాడు. నేను చెప్పిన మాటలను ఆ ఇంట్లో ఉన్నవి ఉన్నట్టు విన్నది వాడొక్కడే. ఒక ఏడాది అలా ఆడితే ఏదో ఒక జట్టులో నిలబడతాడని అనుకున్నాను. ఈ ఏడాది పేర్లు అప్పటికే కోచ్‌కు చెప్పేశాను.

మా కాలేజీ గ్రౌండులో ఎంపికైనవాళ్లకు చొక్కాలు ఇచ్చే సాయంత్రం కుర్రవాడి తండ్రి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఊరివాళ్లను, సభవాళ్లను కొందరిని వెంట తెచ్చాడు. చేతిలో మిఠాయి పెట్టె. కొడుకుకు కొత్త బూట్లు. కోచ్ ఒక్కొక్క పేరు చదివి చొక్కా అందిస్తున్నాడు. అతను ఫోను ఎత్తి పట్టుకుని ప్రతి పేరుకూ సిద్ధమవుతున్నాడు. తొమ్మిదో నంబరు ఒక బహ్రెయినీ కుర్రవాడికి వెళ్లింది. చివరి చొక్కా కూడా ఇచ్చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. అతని ఫోను ఇంకా గాలిలోనే ఉంది.

జనం కదిలాక నా దగ్గరికి వచ్చాడు. నవ్వు పూర్తిగా పోలేదు. వెంట వచ్చినవాళ్లు వెనకే నిలబడ్డారు.

"ఇంకా ఏం బేరం బావా? శానా దూరం లాగావ్. ఖలాస్ చెయ్. చొక్కా లోపల పెట్టావా?"

నేను అప్పుడు అతని కొడుకు వైపు తిరిగాను. వాడి వీపు మీద చెయ్యి వేసి ఒకసారి తట్టాను. అందరికీ వినబడేలా, నిదానంగా చెప్పాను.

"మీవాడు మంచి కుర్రాడండీ. వినయం ఉంది, వేగం ఉంది. చెప్పిన మాట వింటాడు. ఎక్కడున్నా బాగుపడతాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు."

వెంట వచ్చినవాళ్లకు అది పొగడ్తలాగే వినబడింది. ఒకరిద్దరు అతని భుజం తట్టారు. కుర్రవాడు కూడా నవ్వబోయాడు. అర్థమైంది అతనొక్కడికే. ఇన్ని నెలల నా మాటలన్నీ వెనక్కి తిరిగి ఒక్కొక్కటే వింటున్నట్టు కనిపించాడు. నేను అతనికి అబద్ధం చెప్పలేదు, ఆశ పెట్టలేదు, చెయ్యి కలపలేదు.

"సీటు పోయిందిరా" అన్నాడు చివరికి, కొడుకుతో. నా వైపు చూడలేదు.

మా కోచ్ తరువాత నన్ను అడిగాడు, ఆ మనిషి ఎవరని. మా ఊరివాడన్నాను. ఆ రాత్రి నేను బాగా నిద్రపోయాను. ఎందుకు దాచాలి? అరుగు మీద నిలబడిన ఆ రోజు తరువాత అంత నిండుగా నిద్రపోయిన గుర్తు లేదు. ఆ కుర్రవాడు ఇప్పుడు ఇక్కడే ఇంకొక కాలేజీలో అకౌంట్సు చదువుతున్నాడు. ఆ కాలేజీకి జట్టు లేదు. ఒకసారి మనామా సూక్‌లో కనిపించి నమస్కారం పెట్టాడు. నేను కూడా పెట్టాను.

వాడి తండ్రి ఆ వేసవిలో ఊరికి వెళ్లాడు. అక్కడ మా తమ్ముడు ఎరువుల కొట్టు పెట్టి దెబ్బ తిని ఉన్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. రిజిస్ట్రేషన్ అయిపోయాక తమ్ముడు ఫోను చేశాడు. ఊరికి ఉత్తరాన పంపకాల్లో తన వాటాకు వచ్చిన పొలం చెక్కను అతనికి అమ్మేశాడు. ముత్తాతగారి సమాధి, తాతగారి సమాధి ఆ చెక్కలోనే ఉన్నాయి. వాటితో సహా అమ్మాడు.